జూన్ గండం: గుంటూరు మిర్చి యార్డు గుమస్తా ఇంట్లో బడ్జెట్ ఎలా నిలబడింది

ఇంటి బడ్జెట్ల మీద సలహాలిచ్చే నా దగ్గరికి ఈ కేసు 2024 జులైలో వచ్చింది. భర్త గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్, పీకో వేస్తుంది. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం, కూతురు ఎనిమిదో తరగతి. ఆయన తల్లి కూడా వీళ్ళ దగ్గరే ఉంటుంది. ఏటీ అగ్రహారంలో రెండు గదుల అద్దె వాటా. వాళ్ళని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయను.

ఖర్చులు ఎలా తగ్గించుకోవాలో చెప్పమని వాళ్ళు రాలేదు. అది వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. ఆవిడ అడిగిందిదీ: "రాసుకుంటాం మేడమ్. పది రోజులు బానే నడుస్తుంది. ఆ తర్వాత పుస్తకం తియ్యబుద్ధి కాదు. ఎందుకని?" ఇంటి బడ్జెట్ల మీద పనిచేసేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. పట్టిక వెయ్యడం ఒక పూట పని. ఆ పట్టికని పదకొండో రోజు కూడా తెరిపించే కారణం ఏదో వెతకడమే అసలు పని.

అంతకుముందు చేసిన ప్రయత్నాలు చూపించమన్నాను. మొదటిది యూట్యూబ్‌లో చూసి వేసిన 50-30-20 లెక్క. అవసరాలకి సగం, సరదాలకి ముప్పై శాతం, పొదుపుకి ఇరవై. 2005 ప్రాంతంలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన లెక్క అది. ఈ ఇంట్లో అద్దె, సరుకులు, పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాస్, ఫోన్లు, పెట్రోలు, పెద్దావిడ మందులు కలిపితేనే 22,500 అవుతోంది. సీజన్‌లో జీతం మీద వచ్చే పైడబ్బులు కాక, ఇద్దరి సంపాదన కలిపి సగటున నెలకి 30,000. అంటే అవసరాలకే నూటికి డెబ్బై ఐదు పోతోంది, పిల్లల ఫీజులు ఇంకా కలపకుండానే. సగంలో సర్దుకోమనే పట్టిక ముందు కూర్చుంటే ఎవరికైనా తాము తప్పు చేస్తున్నామనే అనిపిస్తుంది. రెండోసారి ఆ పుస్తకం ఎందుకు తెరుస్తారు?

రెండో ప్రయత్నం రూపాయి రూపాయీ రాసే పుస్తకం. దీన్ని నేను చాలాసేపు చూశాను. ఒక పేజీలో సోమవారం నుంచి ఆదివారం దాకా ఆయన ఖర్చు వరసగా ఉంది: టీ 40, పెట్రోలు 50, టీ 40, పెట్రోలు 50. ఏడు రోజులదీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే వత్తిడి. ఆదివారం రాత్రి కూర్చుని ఒక్కసారే నింపేసిన పేజీ అది. ఇంకో పేజీలో ఆవిడ వంతు: "కూరగాయలు 200" అని రాసి కొట్టేసి "260" చేసింది. ఆ అరవై ఏమిటని అడిగితే, వాయిదాల మీద చీరలమ్మే ఆవిడకి కట్టిన డబ్బట. భర్తకి చెప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక "ఇవాళ ఎంతయింది?" అని ఒకరినొకరు అడగడం మొదలయ్యాక ఆ పుస్తకం పోలీస్ స్టేషన్ రికార్డులా తయారైంది. ఇద్దరూ అందులో తమ మీద కేసు పడకుండా రాయడం నేర్చుకున్నారు.

వీళ్ళకి క్రమశిక్షణ లేదని తేల్చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒప్పుకోను. పొద్దున్నే యార్డుకి వెళ్ళి వందల టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తప్పులేకుండా రాసే మనిషికీ, అంగుళంలో ఎనిమిదో వంతు తేడా రాకుండా జాకెట్టు కోసే మనిషికీ క్రమశిక్షణ లేకపోవడమేమిటి?

తర్వాతి వారం ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడాను. డబ్బు మిగిలితే ఏం చేస్తారని అడిగితే ఇద్దరూ ఒకటే చెప్పారు: పిల్లల చదువు, సొంత ఇల్లు. ఈ జవాబు నేను వినని ఇల్లు లేదు. అది అబద్ధం కాదు. కానీ పదేళ్ళ తర్వాత వచ్చే ఇల్లు ఈ సాయంత్రం యార్డు గేటు దగ్గర పునుగుల బండిని దాటించలేదు. అందుకని ప్రశ్న మార్చాను. "ఈ ఏడాదిలో డబ్బు వల్ల మీ మొహం చిన్నబోయిన రోజు ఏది?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జూన్ సంగతి చెప్పారు. మిర్చి యార్డుకి వేసవి సెలవులు మే నెల మధ్య నుంచి దాదాపు నెల రోజులు ఉంటాయి. అప్పుడు కొట్టులో పైడబ్బులు ఉండవు, జీతం కూడా సగమే. అదే జూన్‌లో కాలేజీ ఫీజు, స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు వచ్చిపడతాయి. కాస్త అటూ ఇటూగా ఆషాఢం వస్తుంది. ముహూర్తాలుండవు, పెళ్ళి జాకెట్లు రావు, శ్రావణం వచ్చేదాకా ఆవిడ మిషను కూడా నెమ్మదిస్తుంది. రెండు సంపాదనలూ పడిపోయిన నెలలోనే పెద్ద ఖర్చంతా. 2024 జూన్‌లో 45,000 తక్కువైంది. షావుకారు దగ్గర 30,000 అడ్వాన్సు తీసుకున్నారు. మిగతా 15,000 బంగారం లోను మీద ఇంకాస్త రాయించుకున్నారు. అడ్వాన్సుకి వడ్డీ లేదు. నెలకి 3,000 చొప్పున పది నెలలు జీతంలో కోసుకుంటారు. అంటే ఏప్రిల్ దాకా కోత, మేలో సెలవులు, జూన్‌లో మళ్ళీ అడ్వాన్సు. సీజన్ లాభం ఆయన చేతిలో నిలిచిన ఏడాది లేదు.

"మా షావుకారు ఎప్పుడూ కాదనలేదండీ," అన్నారు. "కాకపోతే కళ్ళద్దాల పైనుంచి ఒక్క క్షణం చూస్తాడు. ఏందయ్యా, మళ్ళీనా అన్నట్టు. నోటితో అనడు. ఆ చూపు తలుచుకుంటే ఏప్రిల్ నుంచే నిద్ర పట్టదండీ."

ఆవిడ జవాబు బీరువాలోంచి వచ్చింది. లేచి వెళ్ళి ఎర్ర మఖమల్ పెట్టె తెచ్చి నా చేతికిచ్చింది. తెరిస్తే లోపల నగ లేదు, నగ ఆకారంలో నొక్కుకుపోయిన గుంట ఉంది. ఆ గుంటలో బంగారం లోను రసీదు నాలుగు మడతలు పెట్టి ఉంది. వాళ్ళమ్మ పెట్టిన ఐదు సవర్ల నానుతాడు. 2022లో పెద్దావిడ ఆపరేషనుకి తాకట్టు పెట్టారు. అప్పు ఇప్పుడు 1,20,000. ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీ. ప్రతి జులైలో వడ్డీ మాత్రం కట్టి మళ్ళీ తిరగరాయించుకుంటున్నారు. "పుట్టింట్లో పెళ్ళిళ్ళకి గిల్టుది వేసుకుని వెళ్తన్నాను మేడమ్. మా వదిన చెయ్యి పెట్టి చూసింది ఒకసారి. ఏమీ అనలేదు. చూసి వదిలేసింది."

ఇద్దరికీ కళ్ళ ముందు కారణం ఉంది. రెండూ వేరువేరు. ఆయన కారణం ఆవిడకి తెలుసు కానీ అంత లోతుగా ఉందని తెలియదు. ఆవిడ పెట్టె సంగతి ఆయనకి అసలు తెలియదు. రసీదు ఎక్కడో ఫైలులో ఉందనుకున్నారు.

అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ మద్యం వ్యసనం ఉన్నవాళ్ళతో పనిచేస్తూ 1983లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మారడానికి కారణాలు మనం వల్లించడం కాదు, వాళ్ళ నోటితోనే చెప్పించాలి, అప్పుడే వాటికి బలం అన్నది దాని సారం. డబ్బు విషయంలో నేను దాన్నే పట్టుకున్నాను. ఇంకో మాట నా అనుభవం మీద చేరుస్తాను: భార్యాభర్తలిద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలని పట్టుబట్టకూడదు. ఉమ్మడి లక్ష్యం అనగానే ఎవరో ఒకరు తమ కోరికని మింగేస్తారు. సాధారణంగా ఆడవాళ్ళే. మింగినవాళ్ళు రెండు నెలల్లో ఆ బడ్జెట్‌ని లోలోపల వదిలేస్తారు. ఈ ఇంట్లో ఒకటే పుస్తకం పెట్టాం, కారణాలు మాత్రం రెండు రాశాం. మొదటి పేజీలో ఆయన చేతిరాతతో "2025 జూన్‌లో అడ్వాన్సు అడగను", దాని కింద ఆవిడ చేతిరాతతో "నానుతాడు ఇంటికి".

పట్టిక క్లుప్తంగానే వేశాం. కదపలేని 22,500 పోగా మిగిలేది 7,500. అందులో నానుతాడు అప్పుకి నెలకి 4,000. బంగారం లోనులో ఏడాది చివరిదాకా ఆగక్కర్లేదు, మధ్యలో ఎంత వీలైతే అంత అసలు కట్టుకోవచ్చు, కట్టినంత మేరకు వడ్డీ తగ్గుతుంది. ఆ సంగతి వీళ్ళకి ఎవరూ చెప్పలేదు. మిగతా 3,500లో ఆయనకి 1,500, ఆవిడకి 1,000 లెక్క అడగని డబ్బు. అది దేనికి పెట్టారో పుస్తకంలో రాయరు, రెండోవాళ్ళు అడగరు. ఆఖరి వెయ్యి పిల్లలకీ, అనుకోనివాటికీ.

ఈ లెక్క అడగని డబ్బు గురించి ఆయన మొదట అభ్యంతరం చెప్పారు. ఇంత ఇబ్బందిలో ఉండి జేబు ఖర్చేమిటని. నేను ఆయన ఫోన్‌లో యూపీఐ చిట్టా తెరిపించాను. టీలు, టిఫిన్లు, సిగరెట్లు, స్నేహితులకి పెట్టింది కలిపి నెలకి 2,900 దాకా పోతోంది, పుస్తకంలో అది ఎక్కడా లేదు. 1,500 అనేది జేబు ఖర్చు తగ్గించడమే, పైగా దాచుకోనక్కర్లేదు. నా అంచనాలో ఈ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే. అబద్ధం చెప్పాల్సిన అవసరం పోయాక పుస్తకంలో అంకెలు నిజమయ్యాయి. చీరల వాయిదాలు కూడా ఆవిడ వెయ్యిలోంచే వెళ్ళడం మొదలైంది. ఆయన అడగలేదు.

ఇక జూన్‌కి డబ్బు ఎక్కడిది? ఈ మాట మీద మేం ముగ్గురం తలలు పట్టుకున్నప్పుడు మంచం మీదున్న పెద్దావిడ మాట్లాడింది. వాళ్ళది పల్నాడు వైపు వ్యవసాయ కుటుంబం. "మా ఇంట్లో పంట అమ్మిన రోజునే తొలకరి డబ్బు తీసి మా అత్త కొంగున కట్టుకునేది. విత్తనాలకీ, దుక్కికీ. మృగశిర కార్తె వచ్చేదాకా ఆ ముడి ఎవురూ ఇప్పేవోళ్ళు కాదు. పెళ్ళొచ్చినా సరే." ఆయన తల్లి వైపు చూస్తూ ఉండిపోయారు. నెల జీతం వచ్చే ఇంటికి వేసే బడ్జెట్‌ని నేనూ వాళ్ళూ ఇంతసేపూ సాగదీస్తున్నాం. ఈ ఇంటి సంపాదనకి నెల లేదు, సీజను ఉంది. మిరపకి ఉన్నట్టే.

అప్పటి నుంచి దాని పేరు తొలకరి డబ్బు. రిచర్డ్ థేలర్ ఈ విషయం మీద చాలా రాశాడు. డబ్బుకి పేరు పెట్టి వేరు చేస్తే మనుషులు దాన్ని వేరే డబ్బులా చూస్తారన్నాడు. 2017లో ఆయనకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పెద్దావిడ అత్తగారికి ఆ సంగతి కొంగుముడితోనే తెలుసు. డబ్బు దాచే చోటు గురించి కొంచెం ఆలోచించాం. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్ళది, ఏడాదికో జూన్‌కి పనికిరాదు. పెద్దావిడ పేరున పోస్టాఫీసులో పాత సేవింగ్స్ ఖాతా ఉంది. వడ్డీ నాలుగు శాతమే, కానీ ఏ ఫోనుకీ కలపలేదు. తియ్యాలంటే పాస్‌పుస్తకం పట్టుకుని ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఆ శ్రమే మాకు కావాల్సింది.

ఆయన ఇంకో పని చేశారు, నేను చెప్పలేదు. మిర్చి యార్డులో కొనుగోళ్ళు సోమవారం నుంచి శుక్రవారం దాకానే. సెప్టెంబరు నుంచి శనివారాల్లో తెలిసినవాళ్ళ కొట్టులో చిట్టాపద్దులు రాయడం మొదలుపెట్టారు. శనివారానికి 300. ఆ 300 ఇంటికి రాకుండానే తొలకరి ఖాతాకి పోతుంది. ఖర్చు తగ్గించమంటే విసుక్కునే మనిషి, తన కారణం దొరికాక సంపాదన పెంచుకునే దారి తనే వెతుక్కున్నాడు. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన విషయం.

మధ్యలో తెగిన చోట్లున్నాయి. నవంబరులో బంధువుల పెళ్ళిలో చదివింపులకి తొలకరి డబ్బులోంచి 2,400 తీశారు. పెద్దావిడే సంతకం పెట్టింది, "ముడి విప్పకూడదురా" అంటూనే. మనవైపు చదివింపులు తప్పవు, మనకి చదివించినవాళ్ళ పేర్లూ అంకెలూ నోట్‌బుక్కులో ఉంటాయి, తిరిగి చదివించాలి. ఆ ఖర్చుకి పట్టికలో వరస లేకపోవడం వల్లే తొలకరి డబ్బు మీద చెయ్యి పడింది. పిల్లలకీ అనుకోనివాటికీ అన్న వెయ్యిని శుభకార్యాలకి మార్చాం. పిల్లల చిల్లర ఖర్చు కూరగాయల్లో సర్దుకున్నారు.

2025 సీజన్ అనుకున్నట్టు రాలేదు. మిర్చి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిందంటే రైతు పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కమీషన్ సరుకు విలువ మీద వస్తుంది కాబట్టి ధర పడితే కొట్టు రాబడి పడుతుంది, గుమస్తా పైడబ్బులూ పడతాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో నెలకి 9,000 వస్తాయనుకుంటే 6,000 చొప్పున వచ్చాయి. 18,000. అదంతా వచ్చింది వచ్చినట్టు పోస్టాఫీసుకి వెళ్ళింది.

అసలు పరీక్ష ఏప్రిల్ చివర్లో. ఆ నెలలోనే పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. తాకట్టు పెట్టినచోటు నుంచి ఆవిడకి ఫోన్. మీ నగ విలువ పెరిగింది, దాని మీద ఇంకో లక్ష ఇస్తాం, వచ్చి సంతకం పెడితే చాలు అని. బంగారం విలువలో 75 శాతం దాకా అప్పివ్వొచ్చన్న అప్పటి నిబంధన ప్రకారం చూసినా నలభై గ్రాములకి అంత వస్తుంది, వాళ్ళు తప్పు చెప్పలేదు. ఆవిడ నాకు ఫోన్ చేసింది. "అబ్బాయి రెండో సంవత్సరం ఫీజు కట్టేయొచ్చు మేడమ్, జూన్ గురించి ఈయన దిగులు కూడా తీరిపోద్ది."

నేను వద్దనలేదు. ఇలాంటప్పుడు వద్దని చెబితే నిర్ణయం నాదవుతుంది, పది రోజుల తర్వాత పుస్తకం మళ్ళీ మూతపడుతుంది. ఇంటికి వెళ్ళి లెక్క ముందు పెట్టాను. అప్పటికి అసలు 90,000కి దిగింది. నెలకి 4,000 కడుతూ పోతే రెండేళ్ళ మీద రెండు నెలలకి నానుతాడు చేతికొస్తుంది. ఇంకో లక్ష తీసుకుంటే అప్పు 1,90,000, నెల వడ్డీయే 1,900. అదే 4,000 కడితే ఐదేళ్ళు దాటుతుంది. ఆవిడ కాగితం మీద రెండు అంకెలనీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకుంది. "అప్పటికి మా పాప డిగ్రీలో ఉంటది." కాసేపాగి భర్తతో అంది: "ఏవండీ, మీ జూన్ నా గొలుసుతో గట్టెక్కొద్దు. ఇంకోలా చూద్దాం." ఆయన సరేనన్నారు. ఆ మాట ఆయన ముందే నోటిదాకా తెచ్చుకుని ఆగారని నాకనిపించింది.

2025 జూన్ ఇలా గడిచింది. తొలకరి డబ్బు 26,000 దగ్గర ఉంది: సీజన్‌వి 18,000, శనివారాలవి పదివేల పైచిలుకు, చదివింపులకి పోయిన 2,400 తీసేయగా. కాలేజీతో మాట్లాడి ఫీజు విడతలు చేయించుకున్నారు. ఇంటర్ పుస్తకాలు కొన్ని కొడుకే విజయవాడ ఏలూరు రోడ్డులో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతికి తెచ్చాడు. ఇంకా సరిపోక జూన్, జులై నానుతాడు కట్టుబడి 8,000 ఆపారు, ఆవిడ అన్నయ్య దగ్గర 10,000 చేబదులు తీసుకున్నారు. అంటే అప్పు లేకుండా గడవలేదు. కానీ ఆయన షావుకారుని అడగలేదు. కొట్టు తెరిచిన రోజు షావుకారే "ఈసారి అడగలేదేందయ్యా?" అన్నాడట. ఆ మాట చెప్పడానికి ఆయన ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు, పనిమీద కాదు, ఊరికే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఒక్క జూన్‌లో అడ్వాన్సు తప్పడంతో వచ్చిన లాభం ఆ నెల 30,000తో ఆగలేదు. జులై నుంచి జీతంలో 3,000 కోత లేదు. ఆ మూడు వేలు పదేళ్ళుగా ఈ ఇంటికి రాని డబ్బు. ఆగస్టు నుంచి దాంతో మొదట అన్నయ్య చేబదులు తీర్చారు. డిసెంబరుకి, సీజన్ మొదలవకముందే, తొలకరి ఖాతాలో 11,000 దాకా చేరాయి. నానుతాడు మీద అసలు 73,000 చిల్లరకి దిగింది. ఆయన కారణం నెరవేరితే ఆవిడ కారణానికి డబ్బు పుడుతుంది. దంపతులకి ఇలా రెండు కారణాలు ఒకదానికొకటి తోడయ్యేలా అమర్చగలిగితే, గోడమీద చార్టులూ ఫోన్‌లో యాప్‌లూ లేకపోయినా నడుస్తుంది. వీళ్ళింట్లో యాప్ లేదు. అదే లాంగ్ నోట్‌బుక్కు.

ఇలాంటి సీజన్ ఇళ్ళు గుంటూరులో చాలా ఉన్నాయి: యార్డు హమాలీలు, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళు, తొడిమలు తీసే ఆడవాళ్ళు. ఎవరైనా సలహాదారు వాళ్ళతో కూర్చుంటే నెలవారీ పట్టిక తియ్యకముందు ఆ ఇంటి ఏడాదిలో గండం నెల ఏదో అడగమని నా మనవి. ఆ నెల గురించి అడిగితే కారణం దానంతటదే బయటికొస్తుంది.

డిసెంబరు చివర్లో కలిసినప్పుడు ఇద్దరికీ మాట పడలేదు. రాబోయే సీజన్ పైడబ్బులన్నీ తొలకరికే వెళ్ళాలని ఆయన. ఇప్పుడు కోత లేదు కదా, సగం నానుతాడుకి కట్టి వడ్డీ దించుకుందామని ఆవిడ. గట్టిగానే వాదించుకున్నారు, కానీ పుస్తకం తెరిచి పెట్టుకుని, నిజమైన అంకెల మీద. నేను కలగజేసుకోలేదు. చివరికి ఆయన పెన్ను తీసుకుని రాశారు: తొలకరి 40,000 అయ్యేదాకా పైడబ్బులు అటే, ఆ పైన వచ్చిన ప్రతి రూపాయీ నానుతాడుకి. ఆవిడ చదివి, "శనివారాలవి కూడా" అని కింద చేర్చింది.